పాస్ మార్కు 70: టెక్సస్ హైస్కూల్లో మా అమ్మాయి మూడేళ్ళ లెక్క

2022 జూన్ మొదట్లో మేం హైదరాబాద్ నుంచి డాలస్‌కి ఉత్తరాన ఉన్న ఒక ఊరికి వచ్చాం. మా అమ్మాయి అప్పటికి సీబీఎస్‌ఈ స్కూల్లో తొమ్మిదో తరగతి పూర్తి చేసింది. ఇక్కడ ఏ కాగితం అడుగుతారో తెలియక టీసీ, రిపోర్ట్ కార్డు, టీకాల రికార్డు అన్నీ ఒక ఫైల్లో పెట్టుకుని వచ్చాను. "అది చదివిన పుస్తకాలు కూడా పట్టుకెళ్ళవే, అక్కడ దొరకవు" అని మా అమ్మ అంటే, ఎన్‌సీఈఆర్‌టీ లెక్కల పుస్తకం, సైన్స్ పుస్తకం కూడా సర్దాను. ఆ లెక్కల పుస్తకం ఎంత అక్కరకొచ్చిందో తర్వాత చెప్తాను.

హైస్కూల్ అంటే ఇక్కడ తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగేళ్ళు. పదో తరగతి బోర్డు పరీక్షలాగా, ఇంటర్ పబ్లిక్ పరీక్షలాగా చివర్లో ఒక పెద్ద పరీక్ష ఉంటుందనీ, అప్పటిదాకా కాస్త అటూ ఇటూ అయినా ఆఖరి ఏడాది కష్టపడితే సరిపోతుందనీ నేను అనుకున్నాను. జూన్ ఆఖర్లో, పిల్లలకి కోర్సులు కుదిర్చే స్కూలు కౌన్సెలర్‌ని కలిసినప్పుడు ఆ నమ్మకం మొదటి పది నిమిషాల్లోనే పోయింది. ఆవిడ గళ్ళు గీసిన ఒక ఫారం మా ముందు పెట్టారు. నాలుగేళ్ళకి నాలుగు నిలువు వరసలు. ఏ ఏడు ఏ కోర్సు చదువుతుందో అందులో రాయాలి. మొదటి వరస, అంటే తొమ్మిదో తరగతిది, ఇండియా మార్కులతో నింపాలి. మిగతా మూడూ ఇప్పుడే ఆలోచించుకోవాలి. "పన్నెండులో ఏం చదవాలనుకుంటోందో చెప్పండి, అక్కడి నుంచి వెనక్కి వద్దాం" అన్నారు ఆవిడ. పిల్ల ఇంకా స్కూలు గేటు కూడా దాటలేదు.

ఇక్కడి లెక్క ఇలా ఉంటుంది. ఒక సబ్జెక్టు ఏడాది పొడుగునా చదివి పాసైతే ఒక క్రెడిట్. ఒక సెమిస్టర్ చదివితే అర క్రెడిట్. టెక్సస్‌లో 2013లో మార్చిన చట్టం ప్రకారం హైస్కూల్ పూర్తయిందని ఇచ్చే డిప్లొమా రావడానికి కనీసం 22 క్రెడిట్లు కావాలి. దాని మీద ఎండార్స్‌మెంట్ అనే ఒక ప్రత్యేక దారి ఎంచుకుంటే 26. ఆ దారులు ఐదు ఉన్నాయి. మా అమ్మాయికి కంప్యూటర్స్ ఇష్టం కాబట్టి సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు కలిసిన స్టెమ్ తీసుకున్నాం. 26లో ఇంగ్లీష్ నాలుగు, లెక్కలు నాలుగు, సైన్స్ నాలుగు, సోషల్ మూడు, వేరే భాష రెండు, పీఈ (వ్యాయామం) ఒకటి, ఫైన్ ఆర్ట్స్ ఒకటి. మిగతావి ఇష్టమైనవి.

మా స్కూల్లో రోజుకి ఏడు పీరియడ్లు. అంటే ఏడాదికి ఏడు క్రెడిట్లు, మూడేళ్ళకి 21. ఇండియా తొమ్మిదో తరగతి నుంచి ఐదు రాకపోతే 26 నిండవు. ఆ రాత్రి నేనూ మా ఆయనా ఈ లెక్క కాగితం మీద వేసుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాం.

కౌన్సెలర్ మరో మాట కూడా అన్నారు. కావాలంటే మళ్ళీ తొమ్మిదిలోనే చేర్చవచ్చు, నాలుగేళ్ళూ ఇక్కడే అవుతాయి, ఒత్తిడి తగ్గుతుంది అని. మా ఆయన ససేమిరా అన్నారు. ఏడాది పోవడమంటే మన ఇళ్ళల్లో ఎంత పెద్ద విషయమో తెలిసిందే. నేనూ ఆయన మాటకే తలూపాను. ఇప్పుడు ఎవరైనా నన్ను అడిగితే మాత్రం, వయసు సరిపోతే తొమ్మిదిలోనే చేర్చమని చెప్తాను. అది ఏడాది పోవడం కాదు. పిల్లకి ఈ పద్ధతి అలవాటు కావడానికి దొరికే ఏడాది.

ఇక ఇండియా మార్కులు. ఇంగ్లీష్‌కి ఇంగ్లీష్ 1 క్రెడిట్ ఇచ్చారు, అందులో ఇబ్బంది లేదు. సైన్స్ దగ్గర ఆవిడ ఆగారు. మనకి ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ ఒకే సబ్జెక్టు కింద నడుస్తాయి. ఇక్కడ ఒక్కొక్కటీ ఒక్కో ఏడాది కోర్సు. చివరికి ఫిజిక్స్, కెమిస్ట్రీ కలిపి చెప్పే ఒక కోర్సు కింద జమ కట్టారు. సోషల్‌ని వరల్డ్ జాగ్రఫీ కింద రాశారు. తెలుగు రెండో భాషగా ఉంది కాబట్టి వేరే భాష కింద ఒక క్రెడిట్. అక్కడికి నాలుగు. ఆ నాలుగింటికీ మార్కులు వేయలేదు, పాస్ అని మాత్రం రాశారు. దానికి నేను బాధపడ్డాను. సైన్స్‌లో 94 తెచ్చుకుంది, ఆ కష్టం ఎక్కడా కనపడకుండా పోయిందే అని. కానీ సోషల్‌లో దానికి వచ్చింది 74. సీబీఎస్‌ఈలో అది బీ1. ఇక్కడ 74 అంటే సీ. మార్కులు వేసి ఉంటే అది కూడా పడేది.

లెక్కల దగ్గర అసలు చిక్కు వచ్చింది. ఇక్కడ తొమ్మిదిలో సాధారణంగా ఆల్జీబ్రా 1, పదిలో జామెట్రీ, పదకొండులో ఆల్జీబ్రా 2, తర్వాత ప్రీకాల్క్యులస్. దేనికైనా ముందు కావలసింది పూర్తయితేగానీ దానికి పోనివ్వరు. మన తొమ్మిదో తరగతి లెక్కల్లో సగం ఆల్జీబ్రా, సగం జామెట్రీ. పాలినామియల్స్ ఉంటాయి, త్రిభుజాలు ఉంటాయి, హెరాన్ సూత్రం ఉంటుంది. ఆవిడ మా ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం తీసుకుని విషయసూచిక మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చూశారు. క్వాడ్రాటిక్ ఈక్వేషన్స్ లేవు, అవి మనకి పదో తరగతిలో వస్తాయి. ఎక్స్‌పొనెన్షియల్ ఫంక్షన్స్ లేవు. "ఇది పూర్తి ఆల్జీబ్రా 1 కాదు, పూర్తి జామెట్రీ కాదు" అన్నారు. నిజమే. ఆ పుస్తకం చేతిలో లేకపోతే ఏవి ఉన్నాయో, ఏవి లేవో మాకే తెలిసేది కాదు.

ఆల్జీబ్రా 1 క్రెడిట్ లేకపోతే పదిలో మళ్ళీ అదే చదవాలి. అప్పుడు ఏడాదికి ఒకటి చొప్పున వెళ్తే పన్నెండుకి ఆల్జీబ్రా 2 దగ్గరే ఆగిపోతుంది. కాల్క్యులస్ ఉండదు. ఇంజినీరింగ్ వైపు వెళ్ళాలనుకునే పిల్లకి అది పెద్ద లోటు. వెనక్కి లెక్కేసుకు రమ్మని ఆవిడ ఎందుకన్నారో అప్పుడు అర్థమైంది.

దానికి ఆవిడే దారి చూపించారు. క్రెడిట్ బై ఎగ్జామ్ అని ఉంటుంది. క్లాసులో కూర్చోకుండా పరీక్ష రాసి క్రెడిట్ తెచ్చుకోవడం. ముందు ఆ కోర్సు చదవనివాళ్ళకి కనీసం 80 రావాలి. ఆల్జీబ్రా 1కి రెండు పరీక్షలు, ఒక్కో సెమిస్టర్‌కి ఒకటి. పేరు ఇవ్వడానికి మూడు రోజులే గడువు, పరీక్ష జులై చివర్లో. పేరు ఇచ్చేశాం.

ఆ నాలుగు వారాలూ డైనింగ్ టేబుల్ మీద నుంచి పుస్తకాలు తీయలేదు. మంచాలు కూడా ఇంకా కొనలేదు, పరుపులు నేల మీదే. ఉదయం నేను దానితో క్వాడ్రాటిక్స్ చేయించేదాన్ని, రాత్రి మా ఆయన ఎక్స్‌పొనెన్షియల్ ఫంక్షన్స్ చెప్పేవారు. గ్రాఫింగ్ కాలిక్యులేటర్ అది ఎప్పుడూ పట్టుకోలేదు, అదొక కొత్త. మొదటి పరీక్షలో 91, రెండోదాంట్లో 82 వచ్చాయి. ఆ 82 చూసి అది ఏడ్చింది, తక్కువ వచ్చాయని. నేను గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. క్రెడిట్ వచ్చింది. పదిలో జామెట్రీ, ఆల్జీబ్రా 2 రెండూ ఒకేసారి పెట్టించుకున్నాం. రెండింటికీ ముందు కావలసింది ఆల్జీబ్రా 1 కాబట్టి ఒప్పుకున్నారు. పదకొండులో ప్రీకాల్క్యులస్, పన్నెండులో కాల్క్యులస్. గళ్ళ కాగితంలో లెక్కల వరస పూర్తయింది.

ఆగస్టులో స్కూలు మొదలైంది. సెప్టెంబర్‌లో మొదటి ప్రోగ్రెస్ రిపోర్ట్ వచ్చింది. బయాలజీలో 68.

మా ఆయన అది చూసి "ఫరవాలేదు, కొత్త కదా, ఫస్ట్ క్లాస్ వచ్చింది" అన్నారు. మన దగ్గర 60 దాటితే ఫస్ట్ క్లాస్, 33కో 35కో పాస్. ఇక్కడ 70 లోపు వస్తే ఫెయిల్. మా అమ్మాయి సైన్స్‌లో ఫెయిలవుతోందన్న మాట మా నోటికి రావడానికే కాసేపు పట్టింది. పుట్టి బుద్ధెరిగాక దానికి ఆ మాట తెలియదు.

ఎలా జరిగిందో కూర్చుని చూశాం. ఆ క్లాసులో టెస్టులకి 60 శాతం, రోజువారీ పనికి 40 శాతం. టెస్టుల సగటు 86. చాలా బాగా రాసింది. రోజువారీ పని సగటు 41. ల్యాబ్ రిపోర్టులు చేసింది, నోట్‌బుక్‌లోనే ఉన్నాయి, ఆన్‌లైన్‌లో పెట్టలేదు. పెట్టనివాటికి సున్నా. 86లో 60 శాతం 51.6, 41లో 40 శాతం 16.4, కలిపితే 68. పాఠం రాక కాదు. పరీక్ష రాస్తే చాలు, మిగతావి లెక్కలోకి రావని తొమ్మిదేళ్ళుగా మనం నేర్పించాం, అది నేర్చుకుంది. తప్పు దానిది అనలేను.

టీచర్‌కి మెయిల్ దాని చేతనే రాయించాను. నేను రాయబోతుంటే "పిల్ల రాస్తేనే బాగుంటుంది" అని పక్కింటి అక్క చెప్పింది. ఆవిడ పిల్లలు ఇక్కడే చదివారు. టీచర్ మంచి మనిషి. ఆలస్యానికి కొంత కోసుకుని మిగతా మార్కులు ఇస్తానన్నారు. సెమిస్టర్ చివరికి 85 అయింది. ఆ తర్వాత ప్రతి ఆదివారం సాయంత్రం కాఫీ తాగుతూ ఇద్దరం కలిసి, స్కూలు పనులన్నీ పెట్టే కాన్వాస్ అనే వెబ్‌సైట్ తెరిచి ఏది పెట్టిందో, ఏది మిగిలిందో చూసుకునేవాళ్ళం. పన్నెండో తరగతి దాకా అది ఆగలేదు.

చివర్లో పెద్ద పరీక్ష లేదన్నాను కదా, రాష్ట్రం పెట్టే స్టార్ పరీక్షలు మాత్రం కొన్ని ఉన్నాయి. ఐదు కోర్సులకి రాయాలి. ఆల్జీబ్రా 1, ఇంగ్లీష్ 1 ముందే అయిపోయినట్టు లెక్క కాబట్టి మా అమ్మాయికి ఇంగ్లీష్ 2, బయాలజీ, యు.ఎస్. హిస్టరీ మిగిలాయి. అవి పాసవకపోతే డిప్లొమాకి అడ్డం, కానీ చదివే పిల్లలకి కష్టం కాదు. వాటి గురించి ఎక్కువ టెన్షన్ పడక్కర్లేదు.

తెలుగు సంగతి చెప్పాలి. వేరే భాష క్రెడిట్లు రెండూ ఒకే భాషలో కావాలి. స్పానిష్ తీసుకుంటే మొదటి నుంచి రెండేళ్ళు, రెండు పీరియడ్లు పోతాయి. మా స్కూల్ డిస్ట్రిక్ట్‌లో, అంటే మా ప్రాంతం స్కూళ్ళన్నీ నడిపే సంస్థలో, తెలుగుకి కూడా పరీక్ష రాసి క్రెడిట్ తెచ్చుకోవచ్చని తెలిసింది. స్టాంప్ అనే పరీక్ష. తెలుగులో రాయడం, మాట్లాడటం ఉంటాయి. ఇంట్లో మాట్లాడే పిల్లే, చదవగలదు కూడా. తెలుగులో టైపు చేయడం మాత్రం ఎప్పుడూ చేయలేదు. పరీక్షకి ముందు రెండు వారాలు తెనాలిలో ఉన్న మా అమ్మకి రోజూ వాట్సాప్‌లో తెలుగు లిపిలోనే మెసేజ్ పెట్టమన్నాను. మొదట్లో "అమ్మమ్మ ఎల ఉనవు" అని వచ్చేది. అమ్మ ఓపిగ్గా దిద్ది తిరిగి పంపేది. రెండో క్రెడిట్ వచ్చింది. దానితో చేతిలో మొత్తం ఆరు, మూడేళ్ళవి 21, కలిపి 27. అవసరానికి మించి ఒక్కటే ఒక్కటి. తెలుగు వచ్చిన పిల్లలు స్పానిష్ క్లాసులో పేరు రాయించే ముందు మీ డిస్ట్రిక్ట్‌లో ఈ పరీక్ష ఉందేమో అడగండి. ఇంట్లో మనం మాట్లాడిన మాటకి ఇక్కడి స్కూలు విలువ కట్టింది. నాకు అది చాలా సంతోషం కలిగించిన విషయం.

మా నాన్నగారు ఫోన్ చేసినప్పుడల్లా "ఎంత పర్సెంటు?" అని అడిగేవారు. నేను జీపీఏ, అంటే ఇక్కడి మార్కుల సగటు, చెప్తే 9.5తో గుణించబోయేవారు, ఒకప్పటి సీబీఎస్‌ఈ సీజీపీఏలాగా. ఇక్కడి జీపీఏ అలా కుదరదు. రెండు రకాలు ఉంటాయి. ఒకటి నాలుగు పాయింట్లది, 90 దాటితే 4, 80 దాటితే 3, అంతే. రెండోదాంట్లో కోర్సు ఎంత కష్టమో ఆ బరువు కూడా కలుస్తుంది. ఆ కొలత డిస్ట్రిక్ట్‌కి ఒకలా ఉంటుంది. మా దగ్గర మామూలు కోర్సులో 100కి 5.0, అడ్వాన్స్‌డ్ కోర్సుకి 5.5, ఏపీ కోర్సుకి 6.0. ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, కాలేజీ స్థాయి పాఠం హైస్కూల్లోనే చెప్పడం. 100కి తగ్గే ప్రతి మార్కుకీ 0.1 తగ్గుతుంది. అంటే ఏపీలో 92 తెచ్చుకున్న పిల్లకి 5.2, మామూలు కోర్సులో 100కి 100 తెచ్చుకున్న పిల్లకి 5.0.

ఈ లెక్క తెలిశాక మన వాళ్ళ ఇళ్ళల్లో ఏం జరుగుతుందో చూశాను. వచ్చే ఏడాది కోర్సులు ఎంచుకునేది జనవరి, ఫిబ్రవరి నెలల్లో. ఆ రోజుల్లో గుడికి వెళ్ళినా, పుట్టినరోజు ఫంక్షన్‌కి వెళ్ళినా ఒకటే ప్రశ్న: మీ అమ్మాయి ఎన్ని ఏపీలు తీసుకుంటోంది? దీనికి కారణం కూడా ఉంది. టెక్సస్‌లో 1997లో చేసిన చట్టం ప్రకారం క్లాసులో మొదటి పది శాతంలో ఉన్న పిల్లలకి ప్రభుత్వ యూనివర్సిటీల్లో నేరుగా సీటు వస్తుంది. ఆస్టిన్‌లోని యూనివర్సిటీకి మాత్రం ఆ గీత ఇంకా పైన ఉంటుంది, మా అమ్మాయి ఏడాదికి ఆరు శాతం. ర్యాంకు వచ్చేది ఈ బరువు కలిపిన జీపీఏ నుంచే.

మేం కూడా ఆ ఒరవడిలో పడ్డాం. పదకొండులో మూడు ఏపీలు పెట్టాం: ఇంగ్లీష్ లాంగ్వేజ్, కంప్యూటర్ సైన్స్, యు.ఎస్. హిస్టరీ. మొదటి రెండూ సరే. హిస్టరీ దగ్గర పిల్ల నలిగిపోయింది. దాని తోటివాళ్ళు చిన్నప్పటి నుంచి వింటున్న పేర్లు, యుద్ధాలు, చట్టాలు దానికి అన్నీ కొత్తవే. సివిల్ వార్ ఎందుకొచ్చిందో మొదటిసారి చదువుతూనే దాని మీద వ్యాసం రాయాలి. రాత్రి ఒంటిగంట దాకా మేలుకునేది. చివరికి 81 వచ్చింది. ఏపీ కాబట్టి 4.1. మామూలు యు.ఎస్. హిస్టరీ తీసుకుని 92 తెచ్చుకుని ఉంటే 4.2 వచ్చేది. ఎక్కువ బరువు వస్తుందని తీసుకున్నదే తక్కువ ఇచ్చింది, నిద్ర కూడా పోయింది. స్కూలు మొదలైన కొత్తలోనే కోర్సు స్థాయి మార్చుకోవడానికి గడువు ఉంటుంది. మూడో వారంలో అది "అమ్మా, మార్చుకోనా" అని అడిగింది. నేను "కాస్త ఓపిక పట్టు తల్లీ" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

ఏపీలో ఇంకో విషయం మాకు ఆలస్యంగా తెలిసింది. క్లాసులో వచ్చే మార్కు వేరు, మే నెలలో కాలేజ్ బోర్డ్ పెట్టే పరీక్ష వేరు. ఆ పరీక్షకి 1 నుంచి 5 దాకా స్కోరు. ఈ స్కోరు జీపీఏలో కలవదు, కాలేజీ క్రెడిట్‌కి పనికొస్తుంది. హిస్టరీలో దానికి 3 వచ్చింది. టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీలు మామూలుగా 3కి కూడా క్రెడిట్ ఇస్తాయి. ఆ ఏడాది కష్టానికి మిగిలింది అది.

అదే ఏడాది ఫిబ్రవరిలో, 2024 మాఘమాసంలో, మా తమ్ముడి పెళ్ళి. పది స్కూలు రోజులు పోతాయని తెలిసీ వెళ్ళాం, వెళ్ళకుండా ఎలా ఉంటాం. తిరిగొచ్చిన రెండు వారాలకి ఉత్తరం వచ్చింది: హాజరు 90 శాతానికి తగ్గింది, ఈ సెమిస్టర్ క్రెడిట్లు నిలిపి ఉంచాం అని. జ్వరంతో మానిన రెండు రోజులు కూడా కలిసి పన్నెండయ్యాయి. సెమిస్టర్‌లో 88 రోజులు. మార్కులు ఎంత బాగున్నా 90 శాతం హాజరు లేకపోతే క్రెడిట్ ఇవ్వకూడదని రాష్ట్ర చట్టమే ఉంది. ఏడు కోర్సులు, ఒక్కోదానికి అర క్రెడిట్, మొత్తం మూడున్నర. మా దగ్గర మించి ఉన్నది ఒక్కటే. ఆ ఉత్తరం పట్టుకుని నేను గరాజ్‌లోనే కూర్చుండిపోయాను.

అయితే దానికీ దారి ఉంది. 75 శాతం తగ్గకపోతే, ప్రిన్సిపల్ ఒప్పుకున్న పద్ధతిలో పోయిన గంటలు పూరించుకోవచ్చు. మా అమ్మాయి స్కూలు అయ్యాక ట్యుటోరియల్స్‌లో, శనివారాల్లో కూర్చుని ఏప్రిల్ ఆఖరికి పూర్తి చేసింది. పెళ్ళికి వెళ్ళినందుకు నాకు విచారం లేదు. టికెట్లు కొనేముందు అటెండెన్స్ ఆఫీసులో అడగనందుకు ఉంది. ఇండియా ప్రయాణం పెట్టుకునేవాళ్ళు ఆ సెమిస్టర్‌లో పిల్లకి అప్పటికే ఎన్ని సెలవులు అయ్యాయో చూసుకోండి. ఒక సెమిస్టర్ చివర సగం, ఇంకో సెమిస్టర్ మొదట సగం పడేలా తేదీలు కుదిరితే ఇంకా మంచిది.

పన్నెండో తరగతికి రెండే ఏపీలు తీసుకున్నాం: కాల్క్యులస్, ఫిజిక్స్. ఎంత మంది ఏమన్నా మూడోది పెట్టలేదు. మొదటి ఆరు శాతంలోకి రాలేదు. 2025 మేలో 27 క్రెడిట్లతో, స్టెమ్ ఎండార్స్‌మెంట్‌తో డిప్లొమా తీసుకుంది. ఇప్పుడు యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ డాలస్‌లో కంప్యూటర్ సైన్స్ చదువుతోంది. రాత్రి పదకొండుకి పడుకుంటోంది.

మా అబ్బాయి ఇప్పుడు ఎనిమిదిలో ఉన్నాడు. వాడు ఆల్జీబ్రా 1 ఇప్పుడే చదువుతున్నాడు, అది హైస్కూల్ క్రెడిట్ కిందే జమవుతుంది. మొన్న తొమ్మిదో తరగతి కోర్సుల ఫారం తెచ్చాడు. వాళ్ళక్క శనివారం ఇంటికొచ్చి వాడి పక్కన కూర్చుని గళ్ళ కాగితం గీసింది. పన్నెండు దగ్గర మొదలుపెట్టి వెనక్కి నింపుకుంటూ వచ్చారు. తొమ్మిదిలో ఒక పీరియడ్ ఖాళీగా మిగిలింది. నేను ఏదో అనబోతే "అమ్మా, అది వాడి ఇష్టానికి వదిలెయ్" అంది. వాడు డ్రాయింగ్ అని రాసుకున్నాడు.